తెలంగాణ సర్కారు బడులు: బడ్జెట్‌లో పెట్టేదెంత, తరగతి గదికి చేరేదెంత?

ఊరిబడి_జనగామ

అందరికీ నమస్కారం. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఇప్పుడు 43 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు ఉన్నారు. నేను చదివిన రోజుల్లో ఒక్క మూడో తరగతిలోనే అంతమంది ఉండేవాళ్లం. ఊరు ఖాళీ కాలేదు. పొద్దున్నే ఐదు ప్రైవేటు బస్సులు వచ్చి మిగతా పిల్లల్ని ఎక్కించుకుపోతున్నాయి.

2025-26 రాష్ట్ర బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్లు. అందులో విద్యకు 23,108 కోట్లు, అంటే 7.6 శాతం దగ్గర. రాష్ట్రాల సగటు ఇందుకు దాదాపు రెట్టింపు. ఇంకోపక్క ఫలితాలు చూడండి. పిల్లల చదువు తీరును కొలిచే 2024 ఏసర్ గ్రామీణ సర్వేలో దేశం మొత్తం మీద సర్కారు బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. ఆ తక్కువ సగటు కంటే కూడా మన రాష్ట్రం బాగా కింద ఉంది.

డబ్బు చాలక ఇలా ఉందా, ఉన్న డబ్బు చేరాల్సిన చోటికి చేరక ఇలా ఉందా? టీచర్లు, తల్లిదండ్రులు, లెక్కలు తెలిసినవాళ్లు ఎవరికి తెలిసింది వాళ్లు రాయండి.

లెక్కలపద్దు

ఈ 7.6 శాతం లాంటి అంకెను ప్రతి ఏడాదీ పత్రికలు రాస్తాయి. దాన్ని చూసేటప్పుడు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాల ఖర్చు విద్యాశాఖ పద్దులో ఉండదు, ఆయా సంక్షేమ శాఖల పద్దుల్లో ఉంటుంది. మన రాష్ట్రంలో అన్ని సొసైటీలూ కలిపితే గురుకులాలు వెయ్యి దాటతాయి. ఆ ఖర్చు కూడా కలిపితే చదువు మీద పెట్టేది 7.6 కన్నా ఎక్కువే.

కానీ ఆ కలిపిన మొత్తం మీ ఊరి బడికి ఏమీ ఒరగబెట్టదు. మీ ఊరి బడి విద్యాశాఖ కింద ఉంది. విద్యాశాఖ డబ్బులో సింహభాగం జీతాలకు, పింఛన్లకు పోతుంది. అది తప్పని నేను అనను, బడి అంటేనే టీచరు కదా. జీతాలు పోను బడి నడపడానికి చేతికొచ్చేదెంత అన్నదే మనం అడగాల్సింది.

కొందరు ఢిల్లీని చూపిస్తారు. 2024-25లో అక్కడ దాదాపు 76,000 కోట్ల బడ్జెట్‌లో 16,000 కోట్ల పైన విద్యకే ఇచ్చారు. అయితే ఢిల్లీకి వ్యవసాయం, రైతుబంధు, ఎత్తిపోతల కరెంటు బిల్లులు లేవు, పోలీసుల ఖర్చు కేంద్రం భరిస్తుంది. శాతాలను పక్కపక్కన పెట్టి మనం సిగ్గుపడాల్సిన పనిలేదు. విద్యకు 15 శాతం ఇస్తామని 2023 ఎన్నికల ముందు కాంగ్రెస్ చెప్పిన మాటను గుర్తుచేయడం మాత్రం మన హక్కు.

కొత్తటీచరమ్మ

నేను 2024 డీఎస్సీ టీచర్ల నియామకంలో ఎంపికైన ఎస్జీటీని, అంటే ప్రాథమిక బడి టీచర్ని. జిల్లా పేరు చెప్పను. మా డీఎస్సీలో 11,062 పోస్టులు. దానికి ముందు భర్తీ దాకా వెళ్లిన నోటిఫికేషన్ 2017లో వచ్చింది, 8,792 పోస్టులకు. మధ్యలో ఏడేళ్లు రిటైరైనవాళ్లు రిటైరవుతూనే ఉన్నారు. ఆ ఖాళీల్లో కొన్నాళ్లు విద్యా వాలంటీర్లు పాఠాలు చెప్పారు, కరోనా తరవాత వాళ్లనూ తీసుకోలేదు. ఇవాళ ఆరో ఏడో తరగతి పిల్లవాడు పేరా చదవలేకపోతున్నాడంటే వాడు ఒకటి, రెండు తరగతుల్లో ఉన్నప్పుడు బడి మూతపడింది, తెరిచాక టీచరు లేదు. ఆ ఏడేళ్లు బడ్జెట్‌లో మిగులుగా కనిపించి ఉంటాయి.

ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు అంటే ఏమిటో చెబుతాను. ఒక గదిలో ఒకటి, రెండు తరగతులు నేను చూస్తాను. ఇంకో గదిలో మూడు, నాలుగు, ఐదు మా సార్ చూస్తారు. ఒకటో తరగతికి గుణింతం రాయించి రెండో తరగతి వైపు తిరిగేసరికి ఒకటో తరగతి పిల్లలు పలక పక్కన పెట్టేస్తారు. ఇది రెండు గదుల్లోనూ మనిషి ఉన్న రోజు సంగతి. కాంప్లెక్స్ మీటింగ్, ట్రైనింగ్, ఓటర్ల జాబితా చూసే బీఎల్వో పని, ఎవరికైనా జ్వరం, ఇలా ఏదో ఒకటి వచ్చిన రోజు ఐదు తరగతులూ ఒక్కరి మీదే. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు ఎస్జీటీలనే పంపారు. ఆ రోజుల్లో రాష్ట్రమంతా ప్రాథమిక బడులు ఒంటిపూటే నడిచాయి. హైస్కూళ్లకు ఆ ఇబ్బంది రాలేదు. అసలు అక్షరం పడాల్సిన చోటే ఎప్పుడూ కోత పడుతుంది.

పొద్దున వెళ్లగానే పిల్లల హాజరు ఫోన్లో ముఖం చూపించి వేయాలి. ఊళ్లో సిగ్నల్ లేకపోతే పిల్లల్ని తీసుకుని వాటర్ ట్యాంకు దగ్గరికి నడుస్తాం. తరవాత మధ్యాహ్న భోజనం లెక్క, గుడ్ల లెక్క ఇంకో యాప్‌లో. పదిన్నర దాకా పాఠం మొదలుకాని రోజులున్నాయి.

ముగ్గురుపిల్లల_నాన్న

మేడమ్, మీ కష్టం అర్థమైంది. తల్లిదండ్రుల వైపు మాట కూడా వినండి.

నా ముగ్గురు పిల్లలూ మండల కేంద్రంలో ప్రైవేటుకే పోతారు. సర్కారు బడి మీద చిన్నచూపుతో పంపడం లేదు. పిల్లకు మూడేళ్లు నిండగానే వాళ్లు ఇంటికొచ్చి నర్సరీలో చేర్చుకున్నారు. సర్కారు బడి ఒకటో తరగతితో మొదలవుతుంది. మధ్యలో ఉన్నది అంగన్‌వాడీ. అక్కడ గుడ్డు, పాలు ఇస్తారు, అది మంచిదే. కానీ అక్షరాలు దిద్దిస్తారా అంటే ఆ టీచరు కూడా సర్వేల్లోనే ఉంటుంది. ఐదేళ్లకు బడిబాట అని టీచర్లు ఇంటికి వచ్చేసరికి పిల్ల యూకేజీ అయిపోయింది, స్నేహితులు అక్కడున్నారు, ఫీజు బాకీ కూడా అక్కడే ఉంది. ఇక ఎట్లా మారుస్తాం?

2025-26లో కొన్ని సర్కారు బడుల్లో ప్రీప్రైమరీ పెట్టారని విన్నాను. మా మండలంలో లేదు. ప్రతి బడిలో అది పెడితే నా చిన్నవాణ్ణి ఇక్కడే వేసేవాణ్ణి. ఏడాదికి ఇరవై వేలకు పైగా మిగిలేవి.

ఇంకో మాట కూడా అనాలి. సర్కారు టీచర్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారు? మా ఊరికొచ్చే ఇద్దరు సార్లూ జిల్లా కేంద్రం నుంచి బండ్ల మీద వస్తారు. వాళ్ల పిల్లలు కార్పొరేట్ స్కూల్లో. వాళ్లకే నమ్మకం లేని బడిని మేము ఎట్లా నమ్మాలి?

కొత్తటీచరమ్మ

అన్నా, ఆ ప్రశ్న నిజమైనదే, నేను దాటవేయను. నా పాప ఇంకా చిన్నది. మా బడిలోనే చేర్పించాలని ఉంది. ఇద్దరే టీచర్లున్న బడిలో వేస్తే దానికి చదువు ఎంత వస్తుందో నాకు బాగా తెలుసు, భయమూ అందుకే. మా బడికి తరగతికొక టీచరు ఉంటే ఒక్క క్షణం ఆలోచించను.

బెజవాడ_నుంచి

పక్క రాష్ట్రం అనుభవం చెబుతాను, మీకు పనికొస్తుంది.

మా దగ్గర 2019 నవంబరులో నాడు-నేడు మొదలైంది. మొదటి విడతలో 15,715 బడులు, సుమారు 3,669 కోట్లు. గోడలు, బల్లలు, మరుగుదొడ్లు, మంచినీళ్లు చాలా చోట్ల నిజంగానే మారాయి. నేను కళ్లారా చూశాను, ఎవరు ముఖ్యమంత్రిగా ఉండగా జరిగినా మంచిని మంచి అనాలి. 2022లో జీవో 117 వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపున్న హైస్కూళ్లలో కలిపారు. పిల్లలకు సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నది దాని ఉద్దేశం. కాగితం మీద బాగుంది. ఊళ్లో ఏమైందంటే ఎనిమిదేళ్ల పిల్ల రోడ్డు దాటి, కాలవ దాటి నడవాలి. తల్లులు ఒప్పుకోలేదు. "అంతదూరం పంపేదేదో ప్రైవేటు బస్సులోనే పంపుతాం" అన్నారు. మిగిలిన ఒకటి, రెండు తరగతుల బడిలో ఒకే టీచరు. అక్కడా పిల్లలు తగ్గారు.

2025లో ఆ జీవోను రద్దు చేసి మోడల్ ప్రైమరీ స్కూళ్లు అన్నారు, తరగతికొక టీచరు లెక్కన. తొమ్మిది వేలకు పైగా బడుల్లో. ఇది సరైన దారి అని నా నమ్మకం. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు కూడా ఇచ్చారు.

ఇక నేరుగా తల్లుల ఖాతాల్లో వేసే డబ్బు. అంతకుముందున్న అమ్మ ఒడి అయినా, 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనం అయినా ప్రైవేటులో చదివే పిల్లలకూ ఇస్తారు. తల్లికి వందనంలో 67 లక్షల మందికి పైగా పిల్లలకు 13,000 చొప్పున ఖాతాల్లో వేసి, తలకు 2,000 బడుల నిర్వహణకు పక్కన పెట్టారు. పేద తల్లికి ఆ డబ్బు ఊపిరి పోస్తుంది, కాదనను. కానీ చాలా ఇళ్లలో అది ప్రైవేటు ఫీజుకే పోయింది. 8,745 కోట్లు అంటే చిన్న మొత్తం కాదు. మీ రాష్ట్రంలో ఇలాంటి పథకం అడిగే ముందు ఈ సంగతి ఆలోచించండి.

గురుకులం_బిడ్డ

పైన గురుకులాల ఖర్చును వేరే ఎవరి ఖర్చో అన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

మా అమ్మ కూలి పనికి పోయేది. ఐదో తరగతిలో గురుకులం సీటు రాకపోతే నేను పత్తి చేన్లో ఉండేదాన్ని. ఇప్పుడు నర్సింగ్ చేసి ఉద్యోగం చేస్తున్నాను. మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, ఆమె సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని. పదో తరగతి ఫలితాలు తీయండి. 2025లో రాష్ట్రం మొత్తం 92.78 శాతం అయితే గురుకులాలు 98 దాటాయి, ప్రైవేటు కన్నా ఎక్కువ. కడుపు నిండా తిండి, రాత్రి చదువుకోవడానికి లైటు, పక్కన టీచరు ఉంటే పేద పిల్లలు చదువుతారని తేలిపోయింది.

అక్కడా కష్టాలున్నాయి. చాలా ఏళ్లు మెస్ ఛార్జీలు పెంచకుండా పిల్లల్ని ఎక్కువ చేర్చుకుంటూ పోయారు. 2024 చివర్లో 40 శాతం పెంచారు: ఎనిమిది నుంచి పది తరగతుల వారికి నెలకు 1,100 ఉన్నది 1,540 అయింది. అంటే రోజుకు యాభై రూపాయల పైన, మూడు పూటలకూ కలిపి. మీ ఇంట్లో ఎదిగే పిల్లకు ఆ డబ్బుతో పెట్టి చూడండి.

లెక్కలపద్దు

అమ్మా, గురుకులాలు తీసేయాలని ఎవరూ అనడం లేదు. నా బాధ వేరే. గురుకులంలో సీటుకు ప్రవేశ పరీక్ష ఉంది. ఆ పరీక్ష రాసేలా పిల్లను తయారు చేయాల్సింది ఊరి ప్రాథమిక బడి. అది కూలిపోతే గురుకులానికి వచ్చేది ప్రైవేటులో నాలుగో తరగతి దాకా చదివిన పిల్లలే. నిజంగా కూలివాళ్ల బిడ్డ గేటు బయటే ఉండిపోతుంది.

యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ గురుకులాలు చూడండి. ఒక్కోదానికి 200 కోట్లు, 2,560 మంది పిల్లలు. కట్టడానికే పిల్లకు 7.8 లక్షలు పడుతుంది. 58 బడులకు మంజూరైన 11,600 కోట్లు విద్యాశాఖ ఏడాది బడ్జెట్‌లో సగం. అదంతా ఒక్క ఏడాదిలో ఖర్చు కాదు, నిజమే. అన్ని కులాల పిల్లలు ఒకే ప్రాంగణంలో చదవడం గొప్ప ఆలోచన, దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయినా ఒకటో తరగతికి టీచరు ఇవ్వలేని వ్యవస్థ ముందు దేనికి డబ్బు తీయాలి అన్నది అడగకుండా ఉండలేను.

ఇప్పుడు ఊరి బడికి వచ్చేది చెబుతాను. కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద బడి నిర్వహణకిచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది లోపు ఉంటే ఏడాదికి 10,000. 31 నుంచి 100 దాకా 25,000. వెయ్యి దాటితే లక్ష. చాక్‌పీసులు, రిజిస్టర్లు, ప్రయోగ సామాగ్రి, చిన్న రిపేర్లు, ఆగస్టు 15 జెండా పండగ అన్నీ అందులోనే. అందులో పదో వంతు పరిశుభ్రతకు. కేంద్రం 60, రాష్ట్రం 40 వాటా వేయాలి. ఎవరి వాటా ఆలస్యమైనా గ్రాంటు రెండు ముక్కలై, రెండో ముక్క ఏడాది చివర్లో వస్తుంది. బడి ఖాతా ఇప్పుడు జీరో బ్యాలెన్స్. పై నుంచి లిమిట్ మాత్రమే ఇస్తారు. మార్చి 31 లోపు వాడకపోతే అది వెనక్కి పోతుంది. జూన్‌లో కావాల్సిన చాక్‌పీసుకు మార్చిలో డబ్బు వస్తే ఆ మధ్య నెలలు ఎవరి జేబు నుంచి నడిచాయో ఏ హెడ్మాస్టర్నైనా అడగండి.

నిర్వాహకుడు

చర్చ బాగా సాగుతోంది. ఒక విన్నపం: బడుల పేర్లు, టీచర్ల పేర్లు, పిల్లల ఫొటోలు పెట్టవద్దు. పార్టీల మీద తిట్లున్న రెండు వ్యాఖ్యలు తీసేశాను.

మహిళాసంఘం_అక్క

నేను గ్రామ సంఘం అధ్యక్షురాలిని. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ బాధ్యత కూడా నాదే. 2024 ఎండాకాలంలో బడులు తెరిచేలోపు పనులు చేయమన్నారు: మరుగుదొడ్లు, నల్లా, కరెంటు, చిన్న రిపేర్లు. కొంత అడ్వాన్సు ఇచ్చారు. మిగతాది పని అయ్యాక అన్నారు. మేస్త్రీ మా ఊరివాడే, నా మీద నమ్మకంతో పని చేశాడు. బిల్లు వచ్చేదాకా ఆయన మొహం చూడలేక నేను వేరే వీధిలోంచి పోయేదాన్ని. అంతకుముందు మన ఊరు-మన బడిలో కూడా బిల్లులు ఆగి, సగం కట్టిన గదులు చాలా ఊళ్లలో అట్లాగే ఉండిపోయాయి. రాష్ట్రం మొత్తం 26,065 బడులు, 7,289 కోట్లు అని చెప్పిన పథకం అది.

మంచి జరిగింది కూడా చెప్పాలి. ఇదివరకు బడి ఊడ్చే మనిషి లేదు, పిల్లలే ఊడ్చేవాళ్లు. ఇప్పుడు పారిశుద్ధ్యానికి నెలనెలా డబ్బు ఇస్తున్నారు. 30 మంది లోపు పిల్లలుంటే 3,000, వంద లోపు ఉంటే 6,000. మా ఊళ్లో ఒంటరి మహిళకు ఆ పని ఇచ్చాం. మరుగుదొడ్డి కడిగి ఉంటోంది కాబట్టి నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికి పోవడం మానేశారు. నాకు ఈ ఒక్క మార్పు చాలా పెద్దది. కరెంటు బిల్లు కూడా సర్కారే కడుతోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

వంట చేసే అక్కలకు నెలకు 3,000. అది కూడా నెలల తరబడి ఆగుతుంది. ఒక్కో పిల్లకు కూరగాయలు, పప్పు, నూనె, గ్యాసుకు రోజుకు ఇచ్చేది ప్రాథమిక బడిలో ఏడు రూపాయలు కూడా లేదు. కిరాణా కొట్లో ఖాతా పెట్టి వండుతున్నారు. టమాట ధర పెరిగిన నెల చారు పల్చబడుతుంది. వాళ్లను తప్పుపట్టకండి.

డల్లాస్_ఓరుగల్లు

అక్కా, చదివి మనసు చివుక్కుమంది. మేము పూర్వ విద్యార్థులం కొంతమందిమి కలిసి మా ఊరి బడికి ఏదైనా చేద్దామనుకుంటున్నాం. డిజిటల్ బోర్డు కొనిస్తే బాగుంటుందా?

కొత్తటీచరమ్మ

సార్, మా బడికి దాతలు ఇచ్చిన టీవీ బీరువాలో ఉంది. దాన్ని ఆన్ చేసి ఒక గదిలో కూర్చోబెట్టడానికైనా మనిషి కావాలి. కమిటీ తీర్మానంతో, హెడ్మాస్టర్ అనుమతితో ఊళ్లోనే డిగ్రీ చదివిన అమ్మాయిని ఒకటి, రెండు తరగతులకు పెట్టి, మీరు నెలనెలా గౌరవ వేతనం ఇవ్వండి. కనీసం రెండేళ్లు ఆపకుండా ఇవ్వగలిగితేనే మొదలుపెట్టండి. మధ్యలో ఆపితే పిల్లలు ఎక్కడి వాళ్లు అక్కడే ఆగిపోతారు. తరవాత కథల పుస్తకాలు ఇవ్వండి, పెద్ద అక్షరాలవి, తెలుగువి. ఇంగ్లిష్ మీడియం 2022-23లో మొదలైనప్పటి నుంచి పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ ఉంటోంది. మా పిల్లలు రెండు పేజీల మధ్య నలుగుతున్నారు. ముందు తెలుగు గడగడా చదివితే ఇంగ్లిష్ దానంతట అదే పట్టుకుంటారు.

ఊరిబడి_జనగామ

ఇన్ని విషయాలు తెలుస్తాయని అనుకోలేదు. నాకు అర్థమైనంతవరకు అసలు చిక్కు విద్యాహక్కు చట్టంలోని లెక్కలోనే ఉంది. ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 దాటితే మూడో టీచరు. తరగతులు ఐదు అన్నది ఆ లెక్కలో లేదు. పిల్లలు తగ్గితే టీచరును సర్దుబాటు పేరుతో తీసేస్తారు, టీచరు పోతే ఉన్న పిల్లలూ పోతారు. చివరికి 2024-25లో కేంద్రం తీసిన బడుల లెక్క యూడైస్‌లో ఒక్క పిల్ల కూడా లేని బడులు మన రాష్ట్రంలో 2,245 అని తేలింది. దేశంలో పశ్చిమ బెంగాల్ తరవాత మనమే. అవి ఒక్క రోజులో ఖాళీ కాలేదు కదా.

బెజవాడ అన్నగారికి ఒక ప్రశ్న. మీ దగ్గర మోడల్ ప్రైమరీ స్కూలు పెట్టేటప్పుడు చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు రావడానికి బండి ఏర్పాటు ఉందా? మాకు మూడు ఊళ్లు రెండు కిలోమీటర్ల లోపే ఉన్నాయి. మూడు బడులూ కలిపితే 110 మంది దాకా అవుతారు, ఆ చట్టం లెక్కన ఐదు తరగతులకు నలుగురు టీచర్లు వస్తారు. కానీ మధ్యలో హైవే ఉంది.

బెజవాడ_నుంచి

చాలా చోట్ల బండి ఏర్పాటు లేదండీ. దూరం ఎక్కువైన చోట రవాణా భత్యం ఇస్తామంటారు, ఆ డబ్బు తల్లి చేతికి ఎప్పుడొస్తుందో చెప్పలేం. ముందు బండి, తరవాత విలీనం. మా ఊరి తల్లులు ఈ మాట మీద గట్టిగా నిలబడ్డారు కాబట్టే మా బడి కలపకుండా ఆగింది. మీరూ కమిటీ తీర్మానంలో అదే రాయించండి. ఒకటి, రెండు తరగతులు మాత్రం ఏ ఊరివి ఆ ఊళ్లోనే ఉంచమని అడగండి. ఆరేళ్ల పిల్లను హైవే దాటించకూడదు.

ముగ్గురుపిల్లల_నాన్న

జనగామ అన్నా, ఆ బండికి నెలకు ఎంతవుతుందో మా మండలంలో కనుక్కుని చెబుతాను. మా ఊరికొచ్చే ప్రైవేటు బస్సుల్లో ఒకటి నడిపేది మా తమ్ముడే. మూడు ఊళ్ల తల్లిదండ్రులు ప్రైవేటు బస్సుకు ఇప్పుడు కట్టేదాంట్లో సగం వేసుకున్నా బండి నడుస్తుందని వాడు అంటున్నాడు. ప్రీప్రైమరీ కూడా అడుగుతూ తీర్మానం రాయండి. అది వస్తే నా చిన్నవాడి టీసీ తెస్తాను.

మహిళాసంఘం_అక్క

తీర్మానం కాపీలు మూడు తీయించండి తమ్ముడూ. ఒకటి మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. అక్కడ రెగ్యులర్ ఎంఈఓ లేక హెడ్మాస్టర్ గారే ఇన్‌చార్జిగా ఉంటే ఆయన దొరికే రోజు ముందే అడిగి వెళ్లండి. రెండోది కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇవ్వండి. మూడోది బడి రికార్డులో ఉండాలి. మూడు ఊళ్ల సంఘం అక్కలతో సంతకాలు పెట్టించే పని నాకు అప్పగించండి. మా మండలం కాకపోయినా మండల సమాఖ్యల్లో నాకు తెలిసినవాళ్లున్నారు.